బిల్లు కౌంటర్ నుంచి ఫోన్ తెర దాకా: కస్టమర్ వివరాలతో డిజిటల్ ప్రకటనలు, విజయవాడ–గుంటూరు వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో, గుంటూరు బ్రాడీపేటలోనో మధ్యతరహా బట్టల దుకాణం నడుపుతున్నవారి బిల్లింగ్ కంప్యూటర్‌లో వేల ఫోన్ నంబర్లు ఉంటాయి. ప్రతి నంబరు పక్కనా కొన్న తేదీ, కొన్న సరుకు, కట్టిన మొత్తం నమోదై ఉంటాయి. అయినా పండుగ దగ్గర పడగానే ఆ యజమాని ఇచ్చే ప్రకటన ‘విజయవాడ చుట్టూ 40 కిలోమీటర్లు, 25 నుంచి 55 ఏళ్ల స్త్రీలు’ అనే ఒకే ఒక్క గంపగుత్త ఎంపిక మీద నడుస్తుంది. నిన్ననే పెళ్లి బట్టలన్నీ కొని వెళ్లిన ఇంటికీ, దుకాణం గడప ఎన్నడూ తొక్కని వారికీ ఒకే బొమ్మ, ఒకే మాట చేరుతుంది. కస్టమర్ వివరాలను ప్రకటనలకు వాడుకోవడం అనగానే చాలామంది ఎవరికి ఏ ప్రకటన చూపాలన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నేను ఈ పని చేసే ప్రతి దుకాణంలోనూ ఎవరికి చూపకూడదన్న ప్రశ్నతోనే మొదలుపెట్టిస్తాను, ఎందుకంటే తక్కువ ఖర్చుతో త్వరగా లాభం కనిపించేది అక్కడే.

ఈ పనికి కస్టమర్ల వివరాలను నిర్వహించే ఖరీదైన సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ తప్పనిసరి కాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్సెల్ ఫైలు దింపుకోగలిగితే చాలు. ఆ ఫైలులోని నంబర్లను మెటా (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సంస్థ), గూగుల్ వంటి ప్రకటన వేదికలకు ఎక్కిస్తే, ఆ మనుషులకే ప్రకటన చూపవచ్చు, లేదా వారికి చూపకుండా ఆపవచ్చు. బట్టల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను గానీ, నగల దుకాణానికైనా, ఫర్నిచర్ షోరూముకైనా పద్ధతి ఇదే.

జాబితాను శుభ్రం చేయడం

మొత్తం పనిలో విసుగు పుట్టించేది ఇదే, ఫలితాన్ని నిర్ణయించేది కూడా ఇదే. ముందుగా గత రెండు మూడేళ్ల బిల్లులను ఒక ఫైలుగా దింపి, ఫోన్ నంబరు, బిల్లు తేదీ, సరుకు రకం, మొత్తం, పిన్‌కోడ్, జీఎస్‌టీ నంబరు అనే నిలువు వరుసలను మాత్రమే ఉంచుకోండి. తర్వాత ఫోన్ నంబర్లను ఏ నంబరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, ఎక్కువసార్లు వచ్చిన వాటి నుంచి మొదలుపెట్టి చూడండి. పై వరుసలలో తరచుగా కనిపించేవి మంచి కస్టమర్ల నంబర్లు కావు. నంబరు చెప్పడానికి ఇష్టపడని వారి బిల్లుల్లో కౌంటర్‌లోని పిల్లలు కొట్టిన పది తొమ్మిదులు, దుకాణం సొంత నంబరు, క్యాషియర్ నంబరు అక్కడ ఉంటాయి. వీటిని ముందే తీసేయకపోతే, మీ అత్యుత్తమ కస్టమర్ మీ క్యాషియరే అని లెక్క తేలుతుంది.

నంబర్ల ముందు మన దేశపు కోడ్ 91 చేర్చడం తప్పనిసరి. ఇక్కడ ఎక్సెల్ ఒక ఇబ్బంది పెడుతుంది. 91 చేర్చాక పన్నెండు అంకెలయ్యే నంబరును అది మామూలు సంఖ్యగా భావించి, గణితంలో పెద్ద సంఖ్యలను కుదించి రాసే గుర్తులోకి మార్చి చూపిస్తుంది. అదే స్థితిలో, వేదికలకు ఎక్కించే సాదా సీఎస్‌వీ ఫైలుగా భద్రపరిస్తే చివరి అంకెలన్నీ పోతాయి, తిరిగి రావు. అందుచేత ఆ నిలువు వరుసను ముందే ‘టెక్స్ట్’గా మార్చి, భద్రపరిచిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒకసారి కళ్లారా చూసుకోండి.

పేర్ల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ప్రకటన వేదికలు మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఇస్తాయి. మనవారు ఇంటిపేరు ముందు చెబుతారు, బిల్లులో అది ఒక అక్షరంగా మిగులుతుంది, అదే మనిషి ఫేస్‌బుక్‌లో మరో వరసలో రాసుకుంటారు. ఇంగ్లీషు అక్షరాలలో లక్ష్మి అన్న పేరును ఎన్ని విధాలుగా రాస్తారో మీకు తెలిసిందే. కాబట్టి పేరును నమ్ముకోకుండా ఫోన్ నంబరునే తాళంచెవిగా పెట్టుకోవడం మంచిది, ఈమెయిలు ఉంటే అది అదనపు బలం. ఇంకొకటి, చీర కొనేది భార్య అయినా బిల్లు కౌంటర్‌లో చెప్పేది భర్త నంబరు కావడం చాలా ఇళ్లలో మామూలే. ఆ నంబరుతో ఎక్కించిన జాబితా భర్త ఫోన్‌కు పట్టుచీరల ప్రకటన చూపిస్తుంది. ‘ఆఫర్లు, కొత్త సరుకు సమాచారం ఏ నంబరుకు పంపమంటారు?’ అని కౌంటర్‌లో విడిగా అడిగించడమే దీనికి మందు.

జీఎస్‌టీ నంబరున్న బిల్లులను వేరుగా తీయండి. మీ దగ్గర టోకున కొని తమ ఊళ్లలో అమ్ముకునే చిల్లర వ్యాపారులు, యూనిఫారాలు కొనే సంస్థలు గృహిణుల జాబితాలో కలిసిపోతే సగటులన్నీ తప్పుతాయి.

అనుమతి లేని నంబరును ఎక్కించకండి

బిల్లు కోసం ఇచ్చిన నంబరు బిల్లు కోసమే ఇచ్చినది. దాన్ని ప్రకటనలకు వాడాలంటే ఆ మాట విడిగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, వ్యాపారుల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు ఆ తేదీ నుంచి 18 నెలలకు అమలులోకి వస్తాయి. గడువుంది కదా అని ఊరుకోవడం సరికాదు, ఎందుకంటే ఈరోజు సేకరిస్తున్న జాబితానే మీరు అప్పుడు కూడా వాడతారు. అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికని స్పష్టంగా, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండాలని చట్టం చెబుతోంది. డేటా బయటికి పొక్కకుండా తగిన జాగ్రత్తలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే అధికారం కూడా అందులో ఉంది.

దుకాణంలో ఇది పెద్ద తతంగమేమీ కాదు. కౌంటర్ దగ్గర, కస్టమర్ వైపు తిప్పిన తెర మీదనో చిన్న అట్ట మీదనో ఇలా రాసి పెట్టండి: ‘మీ ఫోన్ నంబరును బిల్లు కోసం తీసుకుంటున్నాం. కొత్త సరుకు, తగ్గింపుల ప్రకటనలు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో మీకు చూపడానికి కూడా దీన్ని వాడమంటారా? వద్దంటే బిల్లుకు ఏ ఆటంకమూ లేదు. ఎప్పుడు వద్దనుకున్నా ఈ నంబరుకు ఒక్క మెసేజ్ పెట్టండి.’ అవునన్నవారి వరుసలో అనుమతి తేదీ వేయించండి. వద్దన్నవారి వరుసలో వద్దు అని వేయించండి, ఖాళీగా వదిలేయవద్దు, ఎందుకంటే ఖాళీ గడిని తర్వాత ఎవరో ఒకరు అవునుగానే లెక్కవేస్తారు. నంబరు చెప్పనిదే బిల్లు వేసేది లేదని పట్టుబట్టే అలవాటు మన మార్కెట్‌లో ఉంది, అది మానుకోవాలి.

చిన్నపిల్లల విషయంలో గీత ఇంకా గట్టిది. 18 ఏళ్ల లోపు వారిని లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను, వారి ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని ఈ చట్టం నిషేధించింది. పిల్లల బట్టల ప్రకటన తల్లిదండ్రుల నంబరుకు వెళ్లాలి, ఇంటర్ చదివే అమ్మాయి నంబరుకు కాదు. అనుమానం ఉన్న నంబరును పక్కన పెట్టేయండి.

జాబితాను విడగొట్టడం: తిథులు తెలిసిన లెక్క

ఇప్పుడు ఒక్కో నంబరుకు మూడు విషయాలు లెక్కకట్టండి: చివరిసారి ఎప్పుడు వచ్చారు, ఎన్నిసార్లు వచ్చారు, మొత్తం ఎంత కొన్నారు. దీన్నే ఈ రంగంలో ఆర్‌ఎఫ్‌ఎం అంటారు. పుస్తకాలలో మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది అని గీతలు గీస్తారు గానీ, మన దగ్గర బట్టల కొనుగోలు ఆ నెలల ప్రకారం నడవదు. శ్రావణం, దసరా, సంక్రాంతి, మాఘం నుంచి మొదలయ్యే పెళ్లిళ్లు, ఉగాది, ఇవే ఇక్కడి మజిలీలు. శ్రావణానికి మాత్రమే వచ్చే కస్టమర్ మాఘంలో రాలేదంటే దూరమైనట్టు కాదు. వరుసగా రెండు శ్రావణాలు రాకపోతే దూరమైనట్టు. అందుకని బిల్లు తేదీ పక్కన ‘సీజన్’ అనే మరో నిలువు వరుస పెట్టి, ప్రతి బిల్లునూ ఒక సీజన్‌లో వేయండి.

దీనికి పంచాంగం దగ్గర పెట్టుకోవాలి. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. అధికమాసం వచ్చిన ఏడాది, ఆ తర్వాతి పండుగలు ముందరి ఏడాది తేదీలకంటే మూడు వారాలకు దగ్గరగా ఆలస్యంగా వస్తాయి. పోయిన ఏడాది ఆగస్టు మొదటి వారంలో కొన్నవారికి ఈ ఏడాది అదే వారంలో ప్రకటన చూపమని యంత్రానికి అప్పగిస్తే, ఆషాఢంలో శ్రావణం చీరలు చూపిస్తూ డబ్బు పారబోస్తుంది. మూఢంలో పెళ్లి పట్టుచీరల ప్రకటనలూ అటువంటివే. కంప్యూటర్‌కు ఇవేమీ తెలియవు, చెప్పాల్సింది మీరే.

ఇలా చూస్తే మధ్యతరహా దుకాణానికి అక్కరకొచ్చే గుంపులు నాలుగైదే తేలతాయి. ఏటా సీజన్ తప్పకుండా వచ్చేవారు ఒక గుంపు. రెండు సీజన్లు వరసగా తప్పినవారు ఒకటి. నిత్యం కట్టుకునే నూలు చీరలు, మంగళగిరి నేత చీరలు కొనే ఉద్యోగినులు మరొకటి, వీరు పండుగలతో సంబంధం లేకుండా వేసవికి ముందు కొంటారు. ఒకే రోజున పెద్ద మొత్తంలో పెళ్లి బట్టలు కొన్న ఇళ్లు ఇంకొకటి.

ఈ చివరి గుంపు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పెళ్లి బట్టలు కొన్న ఇంటికి వెంటనే మళ్లీ పెళ్లి బట్టల ప్రకటన చూపడం వృథా, కాబట్టి మూడు నాలుగు నెలలు వారిని మినహాయింపు జాబితాలో, అంటే ప్రకటన చూపకూడనివారి జాబితాలో ఉంచండి. ఆ తర్వాత వచ్చే తొలి శ్రావణంలో కొత్త కోడలు మంగళగౌరీ నోము పట్టే ఆచారం చాలా ఇళ్లలో ఉంది, అప్పుడు ప్రకటన చూపడం సందర్భోచితం. అయితే పెళ్లి తేదీ నుంచి నెలలు లెక్కపెట్టి సీమంతం చీరలో, ఉయ్యాల వేడుక బట్టలో చూపడం మొదలుపెట్టకండి. ఆ ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదు. బిడ్డ కోసం ఎదురుచూస్తున్నవారో, పోగొట్టుకున్నవారో ఆ ప్రకటన చూస్తే కలిగే బాధను ఏ తగ్గింపు ధరా మాన్పలేదు. వారు చెప్పినదాన్ని, వారు కొన్నదాన్ని వాడుకోండి, వారి జీవితం గురించి ఊహించినదాన్ని వాడుకోకండి. కులం, మతం, ఆరోగ్యం, అప్పులు కూడా ఈ ఊహల కిందికే వస్తాయి. మతానికి సంబంధించిన లక్ష్య ఎంపికలను మెటా 2022 జనవరిలో తొలగించింది, గూగుల్ నిబంధనలు కూడా ఇలాంటి సున్నితమైన వివరాలతో వ్యక్తిగత ప్రకటనలను అనుమతించవు. వేదిక అడ్డుకోవడం లేదు కదా అని ఇంటిపేర్లు చూసి మీరే విడగొడితే అదీ అదే తప్పు.

మినహాయింపు జాబితాలో ఇంకెవరుండాలి? గత మూడు వారాల్లో కొన్నవారు, సరుకు మార్పిడి గొడవ ఇంకా తేలనివారు, మీ సిబ్బంది. రంగు వెలిసిందని చీర తెచ్చిచ్చి సమాధానం కోసం ఎదురుచూస్తున్న ఆవిడకు ‘కొత్త సరుకు వచ్చింది’ అన్న ప్రకటన కనిపిస్తే, ఆ ప్రకటనకు మీరు డబ్బు కట్టి మరీ ఆమె కోపాన్ని పెంచుకున్నట్టే. ఫిర్యాదుల పుస్తకంలోని నంబర్లను ప్రతి సోమవారం ఈ జాబితాలో చేర్చే పనిని ఒకరికి అప్పగించండి.

వేదికలకు ఎక్కించడం

మెటాలో యాడ్స్ మేనేజర్‌లోని ‘ఆడియన్సెస్’ భాగంలో ‘కస్టమ్ ఆడియన్స్’ ఎంచుకుని, మూలంగా ‘కస్టమర్ లిస్ట్’ చూపించాలి. గూగుల్‌లో ఇదే పనిని ‘కస్టమర్ మ్యాచ్’ అంటారు, అది టూల్స్‌లోని ‘ఆడియన్స్ మేనేజర్’లో ఉంటుంది. కొత్తగా తెరిచిన గూగుల్ ఖాతాకు ఈ సదుపాయం పూర్తిగా దక్కకపోవచ్చు, చెల్లింపులూ నిబంధనల పాటింపూ సవ్యంగా ఉన్న చరిత్రను గూగుల్ చూస్తుంది.

ఎక్కించేటప్పుడు నంబరు ఉన్నది ఉన్నట్టుగా పోదు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో దాన్ని 64 అక్షరాల గుర్తుగా మారుస్తారు, దీన్నే హ్యాష్ అంటారు. ఒకే నంబరుకు ఎప్పుడు చేసినా ఒకే గుర్తు వస్తుంది కాబట్టి, వేదిక తన దగ్గరున్న నంబర్ల గుర్తులతో పోల్చి కలిసినవాటిని గుంపులో చేరుస్తుంది. ఫైలును నేరుగా ఎక్కిస్తే ఈ మార్పిడి దానంతటదే జరుగుతుంది. మీ సాంకేతిక సిబ్బంది ముందే మార్చి ఎక్కించదలిస్తే ఒక జాగ్రత్త అవసరం: గూగుల్‌కు నంబరు ముందు ప్లస్ గుర్తుతో సహా 91 ఉండాలి, మెటాకు ప్లస్ లేకుండా అంకెలు మాత్రమే ఉండాలి. ఒక్క గుర్తు తేడాతో హ్యాష్ మొత్తం మారిపోతుంది, కాబట్టి ఒకరికి తయారు చేసిన ఫైలు మరొకరికి పనికిరాదు. హ్యాష్ చేసిన ఫైలు కదా, ఎవరికిచ్చినా పరవాలేదనే నమ్మకం కూడా సరికాదు. ఫోన్ నంబరుకు పదే అంకెలు కాబట్టి, సాధ్యమైన నంబర్లన్నిటికీ గుర్తులు తయారుచేసి అసలు నంబరును రాబట్టడం కంప్యూటర్‌కు పెద్ద పనేమీ కాదు. ఆ ఫైలును కూడా అసలు జాబితా అంత భద్రంగానే దాచండి.

ఎక్కించినవారంతా దొరకరు. ఫేస్‌బుక్‌కు ఒక నంబరు, దుకాణానికి మరో నంబరు ఇచ్చేవారు చాలామంది. గుంపు మరీ చిన్నదైతే ప్రకటన నడవదు, కాబట్టి రెండు మూడు వందలమంది ఉన్న గుంపులను విడగొట్టుకుంటూ పోకుండా కలపండి.

మీ మంచి కస్టమర్లను పోలిన కొత్తవారిని వెతికే ‘లుక్‌అలైక్’ సదుపాయానికి మెటాలో ఒకే దేశానికి చెందిన కనీసం 100 మంది మూలంగా ఉండాలి. అది దేశ జనంలో 1 నుంచి 10 శాతం దాకా పోలికవారిని ఎంచుతుంది. భారతదేశంలో ఒక శాతమంటేనే లక్షల్లో ఉంటారు, వారిలో మీ గడప తొక్కగలవారు కొద్దిమందే. అందువల్ల దాని మీద విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి వంటి ప్రాంతాల హద్దు తప్పకుండా గీయండి. మూలంగా మొత్తం జాబితాను ఇవ్వకుండా, సీజన్ తప్పకుండా వచ్చేవారిని మాత్రమే ఇవ్వండి. తగ్గింపు రోజుల్లో ఒక్కసారి వచ్చిపోయినవారిని కూడా కలిపి ఇస్తే అటువంటివారినే వెతికి తెస్తుంది.

ప్రకటనలో మాట

వ్యక్తిగతంగా ఉండటమంటే పేరు పెట్టి పిలవడం కాదు. చూసేవారి పేరు, మతం, ఆరోగ్యం వంటివి మీకు తెలుసునని సూచించే ప్రకటనలను మెటా నిబంధనలు నిషేధిస్తాయి కూడా. ‘పోయిన నెల మీరు కొన్న నీలం పట్టుచీరకు జోడీ’ అని రాస్తే మనిషి ఉలిక్కిపడతారు. సందర్భం వారిదై, మాట అందరిదిగా ఉండాలి.

నూలు చీరల గుంపుకు ‘భారీ తగ్గింపులు, త్వరపడండి’ అనడంకన్నా ఇలా రాయండి: ‘నిజాం అంచు మంగళగిరి నేత చీరలు. ఈ వారం వచ్చిన రంగులు మామిడి చిగురు, నెమలి కంఠం, ఇటుక ఎరుపు. సాయంత్రం ఎనిమిదిన్నర దాకా దుకాణం తెరిచే ఉంటుంది.’ ఉద్యోగం ముగించుకుని వచ్చే ఆమెకు ఆ చివరి వాక్యమే అన్నిటికంటే అవసరమైన సమాచారం. రెండు సీజన్లు తప్పినవారికి కొత్తగా మారినదాన్ని చెప్పండి, అంటే పార్కింగ్ వచ్చిందా, పైఅంతస్తు తెరిచారా, వాట్సాప్‌లో చీరలు చూపిస్తున్నారా అన్నది. ఏటా వచ్చేవారికి తగ్గింపు అక్కర్లేదు, వారు ఎలాగూ వస్తారు. వారికి సరుకు ముందుగా చూసే అవకాశం ఇస్తే చాలు. తగ్గింపు కూపన్లను అలవాటుగా వచ్చేవారి మీద కుమ్మరించడం ఈ పనిలో నాకు కనిపించే అతి పెద్ద దుబారా.

ఎంత ఖర్చు పెట్టాలి

చిన్న గుంపుకు పెద్ద బడ్జెట్ హాని చేస్తుంది. లెక్క కోసం వెయ్యి సార్లు చూపడానికి 100 రూపాయలు అవుతుందనుకుందాం. మీ గుంపులో 1,500 మంది దొరికారు. రోజుకు 500 చొప్పున 15 రోజులు పెడితే 7,500 రూపాయలు, అంటే 75,000 సార్లు చూపినట్టు, మనిషికి 50 సార్లు. అన్నిసార్లు చూసినవారు ప్రకటనను దాచేస్తారు. అదే మనిషికి ఆరుసార్లు చాలనుకుంటే 9,000 సార్లు, 900 రూపాయలతో పని ముగుస్తుంది. ఖాతాలో ఒక్కొక్కరికి సగటున ఎన్నిసార్లు చూపారో చెప్పే ‘ఫ్రీక్వెన్సీ’ అనే వరుసను రెండు రోజులకోసారి చూసి, అనుకున్న హద్దు దాటగానే ఆపేయండి. మిగిలిన సొమ్మును పోలికవారి గుంపుకు మళ్లించండి.

ప్రకటన వల్ల వచ్చారా, వచ్చేవారే వచ్చారా

పాత కస్టమర్లకు ప్రకటన చూపినప్పుడు వేదిక ఇచ్చే నివేదిక ఎప్పుడూ ఘనంగానే ఉంటుంది, ఎందుకంటే ఎలాగూ వచ్చేవారి కొనుగోళ్లను కూడా అది తన ఖాతాలోనే వేసుకుంటుంది. నిజం తెలియాలంటే జాబితాలో పదో వంతు మందిని లాటరీ తీసినట్టు ఎంచి, వారికి ప్రకటన చూపకుండా పక్కన ఉంచాలి. ఎక్సెల్‌లోని యాదృచ్ఛిక సంఖ్యల ఫంక్షన్ ఇందుకు సరిపోతుంది. ఫోన్ నంబరు చివరి అంకెతో ఎంచేవారు కూడా ఉన్నారు గానీ, మనవారు ఫ్యాన్సీ నంబర్లని తొమ్మిదితో ముగిసేవాటిని కోరి తీసుకుంటారు, కాబట్టి ఆ అంకెను ఎంచకూడదు.

ఉదాహరణకు 2,000 మంది జాబితాలో 1,800 మందికి ప్రకటన చూపారు, 200 మందికి చూపలేదు. సీజన్ ముగిశాక బిల్లులు చూస్తే చూపినవారిలో 126 మంది, చూపనివారిలో 12 మంది కొన్నారనుకుందాం. మొదటిది 7 శాతం, రెండోది 6 శాతం. ప్రకటన తెచ్చినది ఆ ఒక్క శాతం తేడా, అంటే 126 మందిని కాదు, సుమారు 18 మందిని. వారి కొనుగోళ్ల మీద మిగిలిన మార్జిన్‌తో ప్రకటన ఖర్చును పోల్చండి, బిల్లు మొత్తంతో కాదు. 200 మంది గుంపులో ఇద్దరు అటూ ఇటూ అయినా శాతం మారిపోతుంది కాబట్టి ఒక్క సీజన్‌తో తీర్పు చెప్పకుండా శ్రావణం, దసరా, సంక్రాంతి లెక్కలను కలిపి చూడండి. పక్కన ఉంచిన గుంపుకు ఆ సీజన్‌లో ఎస్సెమ్మెస్, వాట్సాప్ ప్రచారం కూడా పంపకూడదు, పంపితే లెక్క చెడుతుంది.

ఏజెన్సీకి అప్పగించేటప్పుడు

ప్రకటన ఖాతా మీ దుకాణం పేరున, మీ ఈమెయిలుతోనే తెరవండి, ఏజెన్సీకి అందులో పని చేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. కస్టమర్ల ఎక్సెల్ ఫైలును వాట్సాప్‌లో పంపడం మన ఊళ్లో మామూలైపోయింది. ఒకసారి పంపిన ఫైలు ఎన్ని ఫోన్లలో మిగిలిందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి జాబితాను మీ కంప్యూటర్ నుంచి మీరే ఎక్కించి, తయారైన గుంపును మాత్రం వారికి వాడుకోనివ్వండి. ఒప్పందం ముగిసిన రోజే ఆ అనుమతిని రద్దు చేయండి.

జాబితాను నెలకోసారి కొత్తగా ఎక్కించండి. వద్దని మెసేజ్ పెట్టినవారిని మాత్రం నెల దాకా ఆపకుండా అదే వారంలో బిల్లింగ్ ఫైలులోనూ, మెటాలోనూ, గూగుల్‌లోనూ మూడు చోట్లా తీసేసి, తీసేశామని వారికి జవాబు పంపండి. శ్రావణానికి సిద్ధం కావాలంటే జాబితా శుభ్రం చేసే పని జ్యేష్ఠంలోనే మొదలుపెట్టాలి, ఆషాఢం తగ్గింపుల రద్దీ మొదలయ్యాక కౌంటర్‌లో ఎవరికీ ఫైలు తెరిచే తీరిక ఉండదు.